గుడెప్పాడ్ – పరకాల రోడ్డును సిమ్యులేటర్‌లోకి ఎక్కిస్తున్నా, కొలతలు ఎలా తీయాలి?

పరకాల పిలగాడు | ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర పల్లెటూరు. ఉద్యోగం వల్ల హన్మకొండలో ఉంటున్నా. పోయిన యాసంగి కోతలప్పుడు మా బావ రాత్రిపూట బైక్ మీద ఊరికి వస్తూ రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్పకు గుద్దుకున్నాడు. కుప్ప మీద నల్ల పట్టా, పట్టా ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు. ఎదురుగా లారీ లైటు. కుప్ప కంటికి ఆనేసరికి బండి దాని మీదికే ఎక్కింది. కాలికి రాడ్ వేశారు. ఇప్పుడు మెల్లగా నడుస్తున్నాడు.

మా ఊళ్లో ఈ ఏడాది లైసెన్సుకు పోయే పిల్లలు పది మంది దాకా ఉన్నారు. వాళ్లు అట్లాంటి కుప్పను మొదటిసారి తెర మీదే చూడాలని నా కోరిక. అందుకే సెకండ్ హ్యాండ్‌లో స్టీరింగ్, పెడల్స్ కొన్నాను. కంప్యూటర్‌లో కార్లా అనే ఉచిత డ్రైవింగ్ సిమ్యులేటర్ వేసుకున్నాను. గుడెప్పాడ్ క్రాస్ నుంచి పరకాల వైపు ఆరు కిలోమీటర్లు ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ (అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్) నుంచి దించాను. అదే దారిలో ఫోన్ బైకుకు కట్టి జీపీఎస్ ట్రాక్, వీడియో తీశాను.

వచ్చింది చూస్తే బాధేసింది. మలుపులు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఫోన్ చూపిన ఎత్తుకూ, శాటిలైట్ ఎత్తుల మ్యాప్‌కూ 70 మీటర్ల పైనే తేడా ఉంది. ఎదురు బండ్లన్నీ నా మీదికే వస్తున్నాయి. ఇక రోడ్డేమో విమానాలు దిగే రన్‌వే లాగా ఉంది. మా తమ్ముడు కూర్చోగానే 90లో పోయాడు. ఇది మా రోడ్డు కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

మ్యాప్ గీతలు | ఆదివారం రాత్రి 10:05

మలుపుల సంగతి ముందు చూద్దాం బ్రదర్. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో రోడ్డంటే చుక్కలు కలిపిన గీత, అంతే. మలుపు దగ్గర గీసినవాళ్లు నాలుగు చుక్కలు పెట్టి ఉంటే నీకు నాలుగు ముక్కల మలుపే వస్తుంది. కార్లా చదివేది ఓపెన్‌డ్రైవ్ ఫైలు. ఈ ఫార్మాట్ 2006లో డ్రైవింగ్ సిమ్యులేటర్ల కోసమే బయటికి వచ్చింది. అందులో రోడ్డుకు ఒక ఆధార రేఖ ఉంటుంది. దాన్ని సరళరేఖ, స్పైరల్, వృత్తఖండం ముక్కలతో అల్లుతారు. స్పైరల్ అంటే మరేమీ కాదు, స్టీరింగ్‌ను ఒకే తీరున మెల్లగా తిప్పుతూ పోతే బండి గీసే గీత. నిజం రోడ్డు తిన్నగా ఉన్న చోటు నుంచి మలుపులోకి అట్లాగే దిగుతుంది. నీ ఫైలులో స్పైరల్స్ లేవు, అందుకే మలుపు మొదట్లో స్టీరింగ్ గుంజుతుంది. చుక్కలు పెంచితే సరిపోదు, ప్రతి మలుపుకూ ఈ మూడు ముక్కలూ కూర్చోబెట్టాలి.

ఎదురు బండ్ల సమస్య చిన్నది. రోడ్డు ట్యాగులో రూల్ అన్నచోట ఎల్‌హెచ్‌టీ, అంటే బండ్లు ఎడమ పక్క నడుస్తాయి అని రాయి. ఏమీ రాయకపోతే కుడి పక్క నడిచే దేశం అనుకుంటుంది. ఇంకోటి, కొలతలన్నీ యూటీఎం (భూమి మీది చోట్లను మీటర్లలో చెప్పే పద్ధతి) 44 ఉత్తర జోన్‌లో పెట్టుకో, మన జిల్లాలకు అదే వర్తిస్తుంది. అప్పుడు మీటరంటే మీటరే.

మ్యాప్ సరిదిద్దేటప్పుడు గూగుల్ ఫొటోల మీద పెట్టి గీయొద్దు, లైసెన్సు ఒప్పుకోదు. బింగ్ ఫొటోల మీద గీయొచ్చు. నువ్వు సరిచేసింది అందరికీ పనికొస్తుంది.

లెవెల్ స్టాఫ్ | సోమవారం ఉదయం 6:20

తమ్ముడూ, నేను రోడ్ల సర్వేలో 31 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. నీ 70 మీటర్ల తేడా తప్పేమీ కాదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఇచ్చే ఎత్తు లెక్కల కోసం ఊహించుకున్న నున్నటి భూగోళం నుంచి కొలిచింది. మ్యాప్ ఇచ్చేది సముద్ర మట్టం నుంచి. మన ప్రాంతంలో సముద్ర మట్టపు ఉపరితలం ఆ ఊహా గోళం కంటే 70 మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. అందుకే ఫోన్ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. ఒకే అంకె అన్నిటికీ కలిపితే రెండూ దగ్గరికి వస్తాయి.

అయితే ఆ రెండింటిలో ఏదీ నీ రోడ్డుకు పనికిరాదు. ఆరుబయట కూడా ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ పోతుంది, ఎత్తులో ఇంకా ఎక్కువ. శాటిలైట్ ఎత్తు 30 మీటర్ల గడికి ఒక్కటే ఉంటుంది, అందులో చింతచెట్టు కొమ్మలూ కలిసిపోతాయి. రోడ్డు మధ్య నుంచి అంచుకు నీళ్లు పోవడానికి ఇచ్చే వాలు, దాన్ని మేం కాంబర్ అంటాం, 2.5 శాతం ఉంటుంది. అంటే మూడున్నర మీటర్ల లేన్‌లో దాదాపు 9 సెంటీమీటర్లు. ఆ 9 సెంటీమీటర్లు లేకపోతే స్టీరింగ్‌కు ఎడమవైపు లాగే గుణమే రాదు. నీకు రన్‌వే లాగా అనిపించింది అందుకే.

పద్ధతి చెప్తా. పెద్దది ముందు, చిన్నది తర్వాత. 1802లో లాంబ్టన్ అనే ఇంగ్లీషు సర్వేయర్ మద్రాసులో బేస్‌లైన్, అంటే మొదటి ఆధార గీత, కొలిచి దేశం మీద త్రిభుజాలు పరవడం మొదలుపెట్టినప్పుడు కూడా ఇదే సూత్రం. ముందు మైలురాయి, కల్వర్టు, కరెంటు స్తంభం లాంటి కదలని గుర్తులు నాలుగు స్థిరపరచు. వాటి మధ్య ఆటో లెవెల్‌తో (ఎత్తుల తేడా చూసే సర్వే దుర్బిణి) ఎత్తులు తియ్యి. ప్రతి 20 మీటర్లకు ఒక అడ్డకోత: మధ్య గీత, రెండు తారు అంచులు, రెండు మట్టి అంచులు. బయల్దేరిన గుర్తు దగ్గరికే తిరిగి వచ్చి ముగించు. కిలోమీటరుకు 2 సెంటీమీటర్ల కన్నా ఎక్కువ తేడా వస్తే ఆ రోజు పని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టు. నా దగ్గర పాత ఆటో లెవెల్ ఉంది.

గుట్ట మీద డ్రోన్ | సోమవారం ఉదయం 8:47

ఇంత కష్టం ఎందుకన్నా. 250 గ్రాముల లోపు చిన్న డ్రోన్ ఎగరేసి, ఫొటోలు 80 శాతం ఒకదాని మీద ఒకటి పడేలా తీస్తే త్రీడీ మోడల్ దానంతటదే వస్తుంది. గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 120 మీటర్ల ఎత్తు దాకా ఎగరేయొచ్చు. ముందు డ్రోన్ జోన్లు చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూసుకో.

లెవెల్ స్టాఫ్ | సోమవారం ఉదయం 9:30

పొలాల మధ్య తెరిపి జాగాకు మంచిదే, ఎగరేయండి. కానీ నేల మీద గుర్తులు పెట్టి వాటిని విడిగా కొలవకపోతే మోడల్ అరటికాయలా వంగుతుంది. పైగా పాత రోడ్డుకు రెండు పక్కలా చింతలు, వేపలు గొడుగు పట్టి ఉంటాయి. పైనుంచి చూస్తే ఆకులే తప్ప తారు కనిపించదు. అసలు ప్రమాదాలు జరిగేది ఆ నీడలోనే.

పది టైర్ల బండి | సోమవారం రాత్రి 11:50

నేను భూపాలపల్లి నుంచి బొగ్గు తోలుతా. ఈ రోడ్డు మీద పదకొండేళ్లు. మీరందరూ రోడ్డు నడిమిట్ల సంగతే మాట్లాడుతున్నరు. రోడ్డు అంచు సంగతి ఎవ్వరూ అనలే.

తారు మీద తారు వేసుకుంటా పోయి రోడ్డు పైకి లేచింది, పక్క మట్టి వానకు కోసుకపోయింది. కొన్ని చోట్ల జానెడు దిగుడు. మేం రెండు లారీలు ఎదురుపడితే బైకాయన దిగాల్సిందే. మెల్లగ దిగితే ఏం కాదు. దిగినంక భయపడి హ్యాండిల్ ఒక్కసారి గుంజి మళ్లా తారు ఎక్కాలని చూస్తడు, ముందు టైరు అంచుకు రాసుకొని బండి అడ్డం పడుతది. లారీ వెనక టైరు కిందికి. నేను రెండుసార్లు కళ్లార చూసిన. నీ మిషన్ల ఆ అంచు లేకుంటే ఆ పిల్లలకు నేర్పేదేం లేదు తమ్మీ.

కుప్పల సంగతి. రైతును అనలేం. మిషన్‌తో కోసిన వడ్లు పచ్చిగ ఉంటయ్, తేమ 17 శాతం దాటితే సెంటర్ల కాంటా పెట్టరు. కల్లం లేనోడు ఎక్కడ ఆరబోస్తడు? వానమబ్బు కనిపిస్తే పట్టా కప్పుతడు. ఆ పట్టా నలుపే ఉంటది.

పరకాల పిలగాడు | మంగళవారం ఉదయం 7:02

అన్నా, మీరు రాసింది రాత్రి మూడుసార్లు చదివాను. మా బావ కూడా అదే చెప్పాడు, కుప్ప చూసి పక్కకు కొట్టగానే ముందు టైరు దిగింది అని. నేను అప్పుడు దాన్ని పట్టించుకోలేదు.

మట్టి టెక్స్చర్ | మంగళవారం మధ్యాహ్నం 1:15

నాది హన్మకొండే, హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలో పని. అన్న చెప్పిన అంచుకు మన దగ్గరే ఒక పేరు కూడా పెట్టారు. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ వాళ్ల ఇండియా డ్రైవింగ్ డేటాసెట్‌లో 182 ప్రయాణాల నుంచి తీసిన 10,004 ఫొటోలు, 34 వర్గాలు ఉన్నాయి. అందులో రోడ్డు వేరే వర్గం, రోడ్డు పక్కన బండి దిగి పోగలిగే మట్టి జాగా వేరే వర్గం. ఆటో, జంతువు విడివిడిగా ఉంటాయి. దృశ్యంలో ఏమేం పెట్టాలో ఆ పట్టిక చూసి రాసుకో తమ్ముడూ, ఏదీ మర్చిపోవు.

మోడల్ విషయంలో నా మాట ఒకటే. కంటికి కనిపించేది వేరు, టైరుకు తగిలేది వేరు. రెండూ వేరువేరు మెష్‌లుగా (గడులతో అల్లిన త్రీడీ ఉపరితలాలుగా) చెయ్యి. కంటికి కనిపించేదానికి మంచి ఫొటో టెక్స్చర్ చాలు. టైరుకు తగిలేది బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో సార్ చెప్పిన అడ్డకోతలతో చెయ్యి: తిన్నని చోట మీటరు గడులు, స్పీడ్ బ్రేకర్, అంచు దిగుడు ఉన్నచోట 5 సెంటీమీటర్ల గడులు. కార్లాలో మామూలుగా చక్రం నేలను ఒక్క గీతతో తాకినట్టు లెక్కేస్తుంది, నిటారు అంచు దగ్గర బండి ఎగిరిపడుతుంది. స్వీప్ వీల్ కొలిజన్ ఆన్ చేస్తే చక్రం వెడల్పంతా లెక్కలోకి వస్తుంది.

ఆరు కిలోమీటర్లు వద్దు. 600 మీటర్లు తీసుకొని అందులోనే ప్రాణం పెట్టు.

పరకాల పిలగాడు | ఆదివారం సాయంత్రం 5:40

మట్టి టెక్స్చర్ అక్క చెప్పినట్టు 600 మీటర్లే తీసుకున్నాను. ఒక కల్వర్టు, ఒక స్పీడ్ బ్రేకర్, చెట్ల నీడలో ఒక మలుపు, వడ్లు పోసే తిన్నటి జాగా అన్నీ అందులోనే ఉన్నాయి. ఈ రోజు స్పీడ్ బ్రేకర్ ఒక్కటే కొలిచాం, తెల్లారి 5:30 నుంచి 8 దాకా పట్టింది.

రెండు కొసలకు రెండు ఇనుప చువ్వలు నిలబెట్టి, మధ్యలో నూలు దారం బిగించి, మేస్త్రీ దగ్గర తెచ్చిన వాటర్ లెవెల్‌తో సరిచూశాం. దారం నుంచి కిందికి ప్రతి 10 సెంటీమీటర్లకు స్కేలు పెట్టి కొలిచి, ఎత్తులుగా మార్చాను. సెంటీమీటర్లలో ఇవి: 0, 3, 8, 12, 14, 14, 13, 9, 6, 4, 1, 0. మొత్తం వెడల్పు 1.1 మీటర్. గుడెప్పాడ్ నుంచి వచ్చేవాళ్లకు నిటారుగా ఎదురవుతుంది, పరకాల వైపు కొంచెం వాలుగా ఉంది. పైన నడుమ కార్ల అడుగు తగిలి గీతలు పడ్డాయి, ఆ గీతల్లో తారు నున్నగా మెరుస్తుంది. తెల్ల రంగు ఎప్పుడు వేశారో, అంచుల్లో చిన్న చిన్న పెచ్చులే మిగిలాయి.

కూర్చుని కొలుస్తుంటే ఇంకోటి కనిపించింది. స్పీడ్ బ్రేకర్ రోడ్డు కొసదాకా లేదు. ఎడమ పక్కన మట్టిలో మూరెడు వెడల్పు దారి పడింది, బైకులన్నీ అందులోంచే పోతున్నాయి. అరగంట లెక్కపెట్టాను, 41 బైకుల్లో 33 పక్కకు దిగాయి. వెనక ఆటో వస్తుందా లేదా అని చూసింది ఎవరో ఇద్దరు ముగ్గురే.

లెవెల్ స్టాఫ్ | ఆదివారం సాయంత్రం 6:25

బాగా కొలిచావు తమ్ముడూ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) 1988లో తెచ్చిన ఐఆర్‌సీ 99 పుస్తకం చెప్పిన స్పీడ్ బ్రేకర్ ఇదీ: 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వంపు, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25 కిలోమీటర్ల వేగంతో దాటేవాడికి నొప్పి ఉండకూడదని ఆ లెక్క. నువ్వు కొలిచింది ఎత్తులో దాని కంటే 4 సెంటీమీటర్లే ఎక్కువ, కానీ వెడల్పు మూడో వంతు కూడా లేదు. అసలు దెబ్బ అక్కడే. రెండూ మోడల్ చేసి పక్కపక్కన పెట్టు. నడిపినవాడి నడుముకు తేడా తెలుస్తుంది.

మ్యాప్ గీతలు | ఆదివారం రాత్రి 8:10

ఆ స్పీడ్ బ్రేకర్‌ను ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో పెట్టేశాను. ఇప్పటిదాకా లేదు.

ఎల్ బోర్డు టీచరమ్మ | సోమవారం రాత్రి 9:33

ఇన్ని రోజులూ చదువుతూ ఉన్నాను, ఇప్పుడు రాయక తప్పలేదు. నేను ఆడవాళ్లకు కారు నేర్పుతాను. 2021 నుంచి గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాలకు సిమ్యులేటర్ ఉండాలని, కారు కోర్సు నాలుగు వారాల్లో 29 గంటలు ఉండాలని నిబంధనలు వచ్చాయి. నేను చూసిన సిమ్యులేటర్లలో రోడ్డంతా విదేశీ హైవే. దాని మీద పది గంటలు కూర్చున్న అమ్మాయి కూడా మొదటి రోజు బయట గేదె అడ్డం వస్తే బ్రేక్ బదులు హారన్ మీద చెయ్యేసింది.

మీ పని చూస్తే కడుపు నిండింది బాబూ. కానీ ఒక్క భయం. కుప్ప ఎప్పుడూ అదే చోట ఉంటే పిల్లలు రెండోసారికి దాన్ని బట్టీ పడతారు. ఫలానా వేపచెట్టు దాటగానే కుప్ప అని. అది చూసి ఆగడం కాదు, గుర్తుపెట్టుకుని ఆగడం. కుప్ప ప్రతిసారీ వేరే చోట రావాలి, కొన్నిసార్లు అసలు రాకూడదు.

లెవెల్ స్టాఫ్ | మంగళవారం ఉదయం 6:05

అమ్మా, దీనికి నేను ఒప్పుకోను. ఎక్కడ పడితే అక్కడ పెడితే ఇక కొలిచి తీసిన రోడ్డు ఎందుకు, ఏ ఊహా రోడ్డైనా సరిపోతుంది కదా. ఉన్నది ఉన్నట్టే ఉండాలి.

పది టైర్ల బండి | మంగళవారం మధ్యాహ్నం 2:40

సార్ చెప్పింది కరెక్టే, మేడమ్ చెప్పింది గూడ కరెక్టే. కుప్పలు ఎక్కడంటే అక్కడ పొయ్యరు. ఎండ పొద్దంతా పడాలె, చెట్టు నీడ ఉండొద్దు, పొలం నుంచి ట్రాక్టర్ ఎక్కే తొవ్వ ఉండాలె, మోరీ మీద పొయ్యరు. నీ 600 మీటర్లల్ల అట్లాంటి జాగాలు నాలుగో ఐదో ఉంటయ్. వాటిల్లనే మార్చుకుంటా పో. యాసంగిల ఏప్రిల్, మే నెలలు, వానాకాలం పంటకు నవంబర్, డిసెంబర్. మిగిలిన నెలల్ల కుప్పలుండయ్, కానీ దున్నేటప్పుడు ట్రాక్టర్లు కేజ్ వీల్స్ మట్టి రోడ్డు మీద వదులుతయ్. వాన పడితే అది సబ్బు లెక్క.

లెవెల్ స్టాఫ్ | మంగళవారం మధ్యాహ్నం 3:15

ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా. రోడ్డు కొలిచినట్టే ఉండనీ, కుప్పల జాగాలు కూడా కొలిచి ఐదు గుర్తించు, వాటిలో మార్చు.

టీచరమ్మ గారి కోసం ఒక లెక్క. ఐఆర్‌సీ ప్రకారం 60 కిలోమీటర్ల వేగంలో చూసి ఆగడానికి 80 మీటర్లు కావాలి. అందులో సగం, 42 మీటర్లు, మెదడు తేల్చుకునే రెండున్నర సెకన్లలోనే పోతాయి. ఇది పిల్లలకు తెర మీద గీత గీసి చూపించండి.

మట్టి టెక్స్చర్ | బుధవారం రాత్రి 12:20

రాత్రి దృశ్యం గురించి. మానిటర్ ఎంత వెలిగినా లారీ హెడ్‌లైట్ అంత వెలగదు, కళ్లు చెదరవు. కాబట్టి చెదిరిన కంటికి ఎలా కనిపిస్తుందో మనమే గీయాలి. లారీ దగ్గరికి వస్తున్నకొద్దీ తెర మీద కాంట్రాస్ట్ తగ్గించు. అది దాటిపోయాక చీకటి ఒక్కసారిగా కమ్మి, మూడు నాలుగు సెకన్లలో మెల్లగా తేరుకోవాలి. పట్టాకు పూర్తి నలుపు వేయకు. పాత పట్టా మీద దుమ్ము ఉంటుంది, ముడతల్లో సన్నని మెరుపు ఉంటుంది. జాగ్రత్తగా చూసేవాడికి దొరికే ఆనవాలు అదొక్కటే. దాన్ని తీసేయొద్దు.

పరకాల పిలగాడు | శనివారం రాత్రి 10:48

ఆలస్యానికి క్షమించండి, మూడు వారాలు పట్టింది. సార్ స్వయంగా ఆటో లెవెల్ పట్టుకుని రెండు ఆదివారాలు వచ్చారు. 31 అడ్డకోతలు తీశాం. ముగింపు తేడా 9 మిల్లీమీటర్లు వచ్చింది. అంచు దిగుడు అన్నిటికన్నా లోతుగా ఉన్నచోట 19 సెంటీమీటర్లు. డ్రోన్ తమ్ముడు చెట్లు లేని భాగానికి ఫొటోలు తీసి ఇచ్చాడు. మా తమ్ముడు ఈసారి ఆ మలుపులోకి 45 దాటించలేదు, నేనేమీ చెప్పలేదు.

నిన్న రాత్రి మా బావను కూర్చోబెట్టాను. మా సొంత అక్క వద్దంది, బావే పట్టుబట్టి కూర్చున్నాడు. మొదటిసారి కుప్ప రాని రాత్రి పడింది, నెమ్మదిగా పోయాడు. రెండోసారి లారీ దాటింది, తెర చీకటైంది, బావ గేర్ తగ్గించాడు. పట్టా కనిపించింది. కొద్ది దూరంలో ఆగాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తెర మీద వేలు పెట్టి, "రాళ్లు ఇట్లా వరసగా ఉండవురా, రోడ్డు వైపు పెద్దవి పెడతారు, పొలం వైపు చిన్నవి" అన్నాడు. ఇంకా ఏం గుర్తుందని అడిగితే, కుప్ప దగ్గరికి రాకముందే రోడ్డు మీద గింజలు చల్లినట్టు ఉండేవని, టైరు కింద అవి కరకరమన్నాయని, అప్పుడే ఆగి ఉంటే బాగుండేదని చెప్పాడు.

గింజలు, ఆ చప్పుడు ఈ రోజు పెట్టాను. కుప్పకు ముందు 12 మీటర్ల నుంచి మొదలై దగ్గరికి వచ్చేకొద్దీ చిక్కనవుతాయి.

ఎల్ బోర్డు టీచరమ్మ | శనివారం రాత్రి 11:05

ఆ చప్పుడు ఉన్న ఫైలు నాకు పంపించు బాబూ. సోమవారం నలుగురు కొత్తవాళ్లు చేరుతున్నారు.

పది టైర్ల బండి | ఆదివారం తెల్లవారుజామున 3:30

ఇప్పుడే లోడ్ దింపి వస్తున్న. మీ 600 మీటర్లల్ల కల్వర్టు, పరకాల నుంచి వచ్చేటప్పుడు కుడి దిక్కు గోడ మొన్నటి వానకు కూలింది. రెండు ముళ్లకంపలు అడ్డం పెట్టిన్రు, రేడియం లేదు. అది గూడ కొలిచి పెట్టుండ్రి. వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు ఖాళీ బండితో అటే వస్త. మీరు కొలిచేదాక లారీని వెనక నిలబెట్టి ఇండికేటర్లు వేసి ఉంచుత. సార్‌ను రోడ్డు నడుమ నిలబడొద్దని చెప్పు.

లెవెల్ స్టాఫ్ | ఆదివారం ఉదయం 5:55

వస్తాను. తమ్ముడూ, ఈసారి రెండు రేడియం జాకెట్లు ఎక్కువ తీసుకురా.